ప్రొటీన్ స్ఫటికం 4వ పాఠం: డబ్బాలో ఎన్ని ఉన్నాయి?

పోయిన పాఠంలో ఎక్స్‌రే చుక్కల నుంచి యూనిట్ సెల్ (స్ఫటికమంతా వరుసగా పేర్చినట్టుండే ఒకేలాంటి చిన్న డబ్బా) కొలతలు తీశాం కదా, ఇక వెంటనే మాలిక్యులర్ రీప్లేస్‌మెంట్ (పోలిక ఉన్న ప్రొటీన్ నమూనా డబ్బాలో ఎక్కడ ఇముడుతుందో కంప్యూటర్‌తో వెతికే పద్ధతి) నడిపేయాలని చేయి దురద పెడుతుంది. ఆగండి. నేను ఆగలేదు, వారం రోజులు కంప్యూటర్ తిరిగింది, ఏమీ తేలలేదు. లోపల నాలుగు ప్రొటీన్ గొలుసులుంటే నేను ఒక్కదాన్నే వెతకమన్నాను మరి.

మన సాధనకు కుందేలు కండరంలోని ఆల్డొలేజ్ అనే ఎంజైమ్‌ను తీసుకుందాం. గ్లైకోలిసిస్‌లో, అంటే కణం చక్కెరను విరగ్గొట్టి శక్తి తీసే దారిలో, ఆరు కార్బన్ల చక్కెరను మూడేసి కార్బన్లున్న రెండు ముక్కలుగా కోసేది ఇదే. ఒకేలాంటి గొలుసులు నాలుగు, ఒక్కోటి సుమారు 39,000 డాల్టన్లు (అణువుల బరువుకు వాడే కొలత), మొత్తం 1,57,000.

నాలుగు అనగానే ఖిలా వరంగల్ తోరణాలు గుర్తొస్తాయి, నాలుగు దిక్కులా నాలుగు, పావు వంతు తిరిగితే ఇంకోటి ఎదురొస్తుంది. ఆల్డొలేజ్ అలా కాదు. దానికి ఒకదానికొకటి లంబంగా మూడు అక్షాలు, దేని చుట్టూ సగం తిప్పినా మళ్లీ అదే రూపం. అయితే ఎంజైమ్‌కు సౌష్ఠవం ఉంది కదా అని స్ఫటికం దాన్ని వాడుకోవాలన్న రూల్ ఏం లేదు, నేను బోల్తా పడింది అక్కడే.

ఇప్పుడు లెక్క. 1968లో మాథ్యూస్ చూపించిన పద్ధతి చాలా సులువు: ఒక భాగానికి (తిప్పి, జరిపి పేరిస్తే డబ్బా మొత్తం నిండే అతి చిన్న ముక్క) వచ్చే ఘనపరిమాణాన్ని అందులోని ప్రొటీన్ బరువుతో భాగించడమే. జవాబు డాల్టన్‌కు దాదాపు 1.7 నుంచి 3.5 ఘన ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) మధ్య ఉండాలి, ఎందుకంటే ప్రొటీన్ స్ఫటికం పటికబెల్లంలా గట్టిది కాదు, సగానికి దగ్గరగా నీళ్లే, సూదితో తాకితే నలిగిపోతుంది.

కొలతలు 165, 57, 85 ఆంగ్‌స్ట్రామ్‌లు, కోణం 103 డిగ్రీలు, స్పేస్ గ్రూప్ (స్ఫటికం సౌష్ఠవం ఏ రకమో చెప్పే పేరు) పి2₁. మూడూ గుణించి, 103 డిగ్రీల సైన్ 0.974తో మళ్లీ గుణిస్తే సుమారు 7.8 లక్షల ఘన ఆంగ్‌స్ట్రామ్‌లు. పి2₁లో భాగాలు రెండు, కాబట్టి ఒక్కో దానికి 3.9 లక్షలు. నాలుగు గొలుసులనుకుంటే 2.5 వస్తుంది. బాగుంది, కానీ మూడనుకుంటే 3.3, ఐదనుకుంటే 2.0, అవీ హద్దులోనే ఉన్నాయే!

అందుకే లెక్క ఒక్కదాన్నే నమ్మొద్దు. పి2₁లో ఉన్నది మర అక్షం, తిప్పడంతో పాటు సగం దూరం ముందుకూ జరుపుతుంది, అలాంటి దాని మీద నాలుగు గొలుసుల గుంపు కూర్చోలేదు. కాబట్టి గుంపు మొత్తం ఒకే భాగంలో ఉండాలి, అంటే నాలుగు లేదా ఎనిమిది. ఎనిమిదైతే 1.24, నీళ్లకు చోటే మిగలదు. నాలుగే.

ఇంటిపని: స్పేస్ గ్రూప్ ఐ222, కొలతలు 75, 85, 125, భాగాలు 8, గొలుసు 36,500 డాల్టన్లు, ఇదీ నాలుగు గొలుసుల ఎంజైమే (అంకెలు నేను కల్పించినవే). ఒక్కో భాగంలో ఎన్ని గొలుసులు? మిగతావి ఎక్కడికి పోయాయి? మీ జవాబు దగ్గర పెట్టుకోండి, 5వ పాఠం దానితోనే మొదలవుతుంది.