తుఫాను దెబ్బతిన్న తీరం ఊళ్లకు పోతున్నారా? నల్లగొండ, పాలమూరు వాళ్లకు కొన్ని జాగ్రత్తలు

కోస్తాలో తుఫాను వచ్చిందని టీవీలో చూడగానే మన దగ్గర యువజన సంఘాలు, కాలేజీ పిల్లలు చందాలు మొదలుపెడతారు. రెండు రోజుల్లో డీసీఎం వ్యాను మాట్లాడుకుని, ముందు బ్యానర్ కట్టి బయల్దేరతారు. మనసు మంచిదే. కాకపోతే మనం మెట్ట ప్రాంతం వాళ్లం, సముద్రం సంగతి మనకు తెలిసింది తక్కువ. సాయానికని పోయి ఆ ఊరికి మనమే ఒక పని కాకూడదు కదా.

మొదటి వారం పోకపోవడమే మేలు. అప్పుడు ఆ రోడ్ల మీద కరెంటు స్తంభాల లారీలు, జేసీబీలు, అంబులెన్సులు తిరగాలి. ఆ తర్వాత పోయినా బంగాళాఖాతంలో ఇంకో అల్పపీడనం ఉందేమో వాతావరణ శాఖ బులెటిన్‌లో చూసుకోండి. మనకు వానలంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకానే. వాళ్లకు అసలు భయం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2023లో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. అలల హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ, చిత్రంగా, సముద్రమే లేని మన హైదరాబాద్‌లో ఉంది.

బాపట్ల, చీరాల వైపు అయితే మిర్యాలగూడ, వాడపల్లి, పిడుగురాళ్ల, నరసరావుపేట మీదుగా దారి. మచిలీపట్నం, దివిసీమకు సూర్యాపేట, కోదాడ, విజయవాడ మీదుగా పోవాలి. ఆ హైవే ఎప్పుడూ బాగుంటుందని నమ్మకం పెట్టుకోవద్దు. 2023 జూలైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరంలో రోడ్డు మీదికే నీళ్లొచ్చి బండ్లు ఆగిపోయాయి. బయల్దేరే రోజు పొద్దున అక్కడి వాళ్లకు ఫోన్ చేసి కనుక్కోండి. రైల్లో అయితే నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా బాపట్ల, చీరాల వైపు పోతుంది గానీ, దిగేసరికి బాగా పొద్దుపోతుంది. ఆ రాత్రికి దిగిన పట్నంలోనే పడుకుని, తెల్లారాక ఊళ్లోకి పోండి.

ఏం తీసుకుపోవాలన్నది మీ ఊళ్లో కూర్చుని తేల్చకండి. అక్కడి సర్పంచ్‌తోనో, గ్రామ సచివాలయం వాళ్లతోనో, మత్స్యకారుల సంఘం పెద్దతోనో మాట్లాడండి. "అన్నా, మీకు ఇప్పటిదాకా ఏమొచ్చింది, ఏం రాలేదు?" అని అడిగితే చాలు. బియ్యం ముందు సర్కారే ఇస్తుంది. మిర్యాలగూడ మిల్లులు పక్కనే ఉన్నాయని మీరూ బియ్యమే వేసుకుపోతే రోడ్డు పక్కనున్న ఊరికి మూడుసార్లు అందుతుంది, లోపలి ఊరికి ఒక్కసారీ అందదు. టార్పాలిన్లు, దుప్పట్లు, దోమతెరలు, సోలార్ లైట్లు, శానిటరీ ప్యాడ్లు, బ్లీచింగ్ పౌడర్ లాంటివి ఎక్కువ పనికొస్తాయి. పశువులున్న ఊరైతే వరిగడ్డి. వాముల్లో గడ్డి నానిపోతే గేదెలకు వేయడానికి ఏమీ ఉండదు, మన దగ్గరేమో కోతలయ్యాక పొలాల్లోనే తగలబెడుతున్నాం. పాత బట్టల మూటలు మాత్రం వద్దు. చినిగిన ప్యాంట్లు, ఒంటి జోళ్లు ఏరి పారేసే పని వాళ్లకెందుకు?

అక్కడికి పోయాక ఒక చిన్న విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. చేతిలో నోటుబుక్కు, పెన్ను పట్టుకుని ఇంటింటికీ తిరిగి పేర్లు రాయకండి. అది నష్టపరిహారం లెక్క అనుకుని అందరూ వచ్చేస్తారు, ఆధార్ జిరాక్స్ కూడా తెచ్చిస్తారు. తర్వాత డబ్బు పడకపోతే "ఆ రోజు రాసుకుపోయారుగా" అని సచివాలయంలో గొడవ. పంచేందుకు జాబితా కావాలంటే ఊరి పెద్దల చేతనే రాయించండి. అలాగే పిల్లలు హుషారుగా చెత్త తీస్తామని పగిలిన పడవను జరపడం, కూలిన గోడను ఎత్తిపోయడం చేస్తారు. అధికారులు వచ్చి ఫొటో తీసి నమోదు చేశారా అని ముందు ఇంటివాళ్లను అడగండి. అది కాకముందే జరిపితే పడవ పగిలిందనే రుజువు వాళ్లకు పోతుంది.

ఇసుక మీద ఆరేసిన వలల మీద చెప్పులతో నడవొద్దు. వల ధర వేలల్లో ఉంటుంది, ఒక్కో చిల్లునూ కూర్చుని అల్లుకోవాలి. చీరాల, వేటపాలెం వైపు చేనేత ఇళ్లుంటాయి. వానకు మగ్గం గుంటలో నీళ్లు నిలిస్తే పడుగు (మగ్గానికి కట్టిన నిలువు పోగులు) పాడవుతుంది, గుంట ఆరేదాకా నేత ఆగిపోతుంది. ఈ బాధ పోచంపల్లి వాళ్లకు, 2009 అక్టోబరులో తుంగభద్ర ముంచేసిన రాజోలి వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటి ఇంట్లో మంచి చీర ఉంటే బేరం చేయకుండా కొనండి. నా మటుకు నాకు కిట్టు పంచడం కన్నా అదే నయమనిపిస్తుంది.

నీళ్లు మీవి మీరు తీసుకుపోండి. ఉప్పెన వచ్చిన చోట బావులు, బోర్లు ఉప్పబడతాయి. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఉప్పు పోదు. కాచిన నీళ్లలో ఫ్లోరైడ్ పోదని మన నల్లగొండలోని మర్రిగూడ, నాంపల్లి వాళ్లకు తెలిసినట్టే ఇదీ. ఊరికి వచ్చే మంచినీళ్ల ట్యాంకర్ నుంచి మీరు బాటిళ్లు నింపుకోవద్దు. తిండి కూడా పట్నంలోనే తినండి. మీరు ఆకలిగా ఉన్నారని తెలిస్తే ఉన్న కాసిన్ని బియ్యం వండి పెడతారు, వద్దన్నా వినరు.

సముద్రం దగ్గర ఈత వచ్చిన వాళ్లతోనే నాకు టెన్షన్. సాగర్ ఎడమ కాలువలో ఈదిన పిల్లలు ఇదేమంత అనుకుంటారు. తుఫాను తర్వాత ఇసుక కొట్టుకుపోయి మోకాలి లోతు పక్కనే మనిషి లోతు గుంట ఉండొచ్చు. నీళ్ల కింద తెగిన వలలు, విరిగిన కర్రలు ఉంటాయి. అలలు విరగకుండా నున్నగా, కాస్త ముదురు రంగులో కనిపించే చోటు సేఫ్ అనుకుంటారు, లోపలికి లాగే ప్రవాహం తరచుగా అక్కడే ఉంటుంది. దాంట్లో పడితే ఒడ్డుకు ఎదురీదకుండా ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి. అసలు దిగకపోతే ఈ మాటే అక్కర్లేదు. నాగాయలంక దగ్గర ఎదురుమొండి లాంటి దీవులకు పడవెక్కాల్సి వస్తే లైఫ్ జాకెట్ లేనిదే ఎక్కొద్దు.

కాళ్లకు గమ్ బూట్లు వేసుకోండి. మేకులు, రేకులు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి కాబట్టి టీటీ ఇంజెక్షన్ సంగతి ముందే డాక్టర్‌ను అడగండి. వరద నీటికి పాములు చెత్త కుప్పల్లోకి, పడిపోయిన కొబ్బరి మట్టల కిందికి చేరతాయి, చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపండి. కాటు పడితే మంత్రం, కట్టు అంటూ ఆగకుండా 108కి ఫోన్ చేయండి. తెగిన తీగ ఏది కనిపించినా కరెంటు ఉన్నట్టే అనుకుని 1912కి చెప్పండి.

దివిసీమలో పెద్దవాళ్లకు 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఇంకా కళ్లముందే ఉంటుంది. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి, కెమెరా ముందు పెట్టి అడగొద్దు. సంచి అందుకుంటున్న చేతుల ఫొటోలూ వద్దు. లెక్క చూపాలంటే సరుకు ఫొటో, బిల్లు చాలవా?

ఇంటికొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల్లో నొప్పులు, కళ్లు ఎర్రబడటం ఉంటే మామూలు జ్వరమని మెడికల్ షాపు గోళీలతో సరిపెట్టకండి. వరద నీళ్లలో నడిచామని డాక్టర్‌కు చెప్పండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే ఎలుక జ్వరం అలాగే మొదలవుతుంది, ఆ మాట చెప్పకపోతే ఇక్కడి డాక్టర్‌కు ఆ అనుమానమే రాకపోవచ్చు.