షవర్ పెట్టబోతున్నారా? ముందు అడ్డుగోడ సంగతి చూడండి

మన ఉత్తరాంధ్రలో పాత ఇళ్ళ స్నానాలగదులు చాలావరకు బకెట్టు, చెంబు స్నానానికి కట్టినవే. నీళ్ళు ఎక్కువగా నేల మీదే పడేవి కాబట్టి గోడకు మూడు నాలుగు అడుగుల ఎత్తున టైల్స్ ఉంటే సరిపోయేది. అదే గదిలో షవర్ బిగిస్తే గోడ రోజూ తలకు మించిన ఎత్తు దాకా తడుస్తుంది. పైగా ఆ గోడ సాధారణంగా నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ. దాని అవతల పడకగది ఉంటుంది, బీరువా ఉంటుంది, కొన్ని ఇళ్ళలో దేవుడి గదే ఉంటుంది. కొన్నాళ్ళకు అటువైపు రంగు పొక్కి, పెచ్చులూడి, ముక్కిన వాసన మొదలవుతుంది.

పై దాకా టైల్స్ వేయిస్తున్నాం కదా అని నిశ్చింతగా ఉండకండి. టైల్ నీరు పీల్చకపోయినా టైల్‌కూ టైల్‌కూ మధ్య సందు పీలుస్తుంది. అక్కడి నుంచి నీరు వెనక్కి చేరుతుంది. నీటిని ఆపాల్సింది టైల్ వెనక గోడకు పూసే వాటర్‌ప్రూఫ్ పూత. అది సరిగ్గా పడలేదంటే ఎంత ఖరీదైన టైల్ వేసినా ఫలితం ఉండదు. చెమ్మ కనబడ్డాక పడకగది వైపు వాటర్‌ప్రూఫ్ రంగు వేయించేవారూ ఉన్నారు. నీరు ఇటునుంచి వస్తుంటే అటువైపు మూసి లాభం లేదు, అది కొత్త చోట బయటపడుతుంది.

పని ఎప్పుడు పెట్టుకోవాలో కూడా ఆలోచించండి. దసరా వెళ్ళాక మొదలుపెట్టి సంక్రాంతికి ముగించాలనుకోవడం మన దగ్గర మామూలే. కానీ అక్టోబరు, నవంబరు మనకు తుఫానుల కాలం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. ముసురు పట్టి గాలి తేమగా ఉంటే ప్లాస్టరింగ్ ఆరదు, పూత గట్టిపడదు. పండుగ తరుముతుంటే మేస్త్రీ తడి గోడ మీదే పని కానిచ్చేస్తాడు. సంక్రాంతి అయ్యాక మొదలుపెట్టి వానలు పడేలోగా ముగించడం మేలు. అయితే ఎండాకాలంలో ప్లాస్టరింగ్‌ను కనీసం వారం రోజులు తడుపుతూ ఉండాలి, లేకపోతే వెంట్రుకవాసి బీటలు వస్తాయి.

పాత గోడైతే ముందు టైల్స్, గుల్లబారిన ప్లాస్టరింగ్ పూర్తిగా తీయించి ఇటుక చూడండి. తెల్లటి ఉప్పు కనబడితే గీకి, కడిగి, ఆరనివ్వాలి. ఆరిందో లేదో తెలుసుకోవడం సులువే. ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. లోపలివైపు నీటి బొట్లు కనబడితే గోడలో ఇంకా చెమ్మ ఉన్నట్టే. అది ఎక్కడినుంచి వస్తోందో తేల్చకుండా ముందుకు వెళ్ళకండి. కొత్తగా గోడ కట్టిస్తుంటే అడుగున ఆరంగుళాల ఎత్తు కాంక్రీట్ కట్ట పోయించి, దాని మీద ఇటుక మొదలుపెట్టించండి. నేల తడి ఇటుకలోకి ఎక్కదు. మేడ మీద కొత్త గోడ కట్టే ముందు కింద దూలం ఉందో లేదో ఇంజనీరుకు చూపించడం తప్పనిసరి.

ఇసుక విషయంలో రాజీ వద్దు. కళింగపట్నం, భోగాపురం లాంటి తీర గ్రామాల్లో దగ్గరలో దొరుకుతుంది కదా అని సముద్రపు ఇసుక కలిపితే అందులోని ఉప్పు ఏళ్ళ తరబడి గోడకు చెమ్మ లాగుతూనే ఉంటుంది. నాగావళి, వంశధార ఇసుక అయినా సరే మట్టి ఎక్కువుంటే జల్లించి, కడిగి వాడాలి.

షవర్ పైపుల కోసం గోడలో గాడి కొట్టేటప్పుడు మీరు దగ్గరుండాలి. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు, అడ్డ గాడి ఆరో వంతు మించకూడదన్నది కట్టడాల్లో పాటించే లెక్క. నాలుగున్నర అంగుళాల గోడకు నిలువుగా ఒకటిన్నర అంగుళం, అడ్డంగా ముప్పావు అంగుళం. అడ్డంగా పొడుగునా కొట్టిన గాడి ఇంత సన్నని గోడను సగానికి కోసినట్టే. పైపును పైనుంచి నిలువుగా దింపమనండి. సుత్తి, ఉలితో బాదనివ్వకుండా కటింగ్ మెషిన్ వాడించండి. పనిచేసేవారి ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు ఉండాలి, ఆ దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. గాడి మూసే ముందు పైపుల్లో పంపుతో ఒత్తిడి ఎక్కించి రాత్రంతా ఉంచి, తెల్లారాక మీటరులో ముల్లు దిగిందో లేదో చూడాలి. ఇటుక గోడ కాంక్రీట్ స్తంభాన్ని కలిసే చోట, గాడి మూసిన చోట ఇనుప వల కొట్టించాకే ప్లాస్టరింగ్ చేయించండి.

ఇక పూత. పొడి, ద్రవం కలిపి వాడే సిమెంట్ రకం మన వాతావరణానికి బాగానే పనిచేస్తుంది. పలచబడటానికి అదనంగా నీళ్ళు పోయడం చాలామందికి అలవాటు, దాన్ని ఆపండి. డబ్బా మీద రాసిన మోతాదే మోతాదు. లోపల ఆరిన గోడకు పైన దుమ్ము లేకుండా చేసి, పూత వేసే ముందు కొంచెం తడపాలి, నీరు కారుతూ ఉండకూడదు. మొదటి పూత నిలువుగా, అది ఆరాక రెండోది అడ్డంగా వేయిస్తే మొదటిదాంట్లో వదిలిన చుక్కలు మూసుకుంటాయి. షవర్ ఉన్న గోడకు ఏడడుగుల ఎత్తు దాకా, మిగతా గోడలకు కనీసం అడుగు ఎత్తు, నేలంతా పూయాలి. నీరు కారేది ఎక్కువగా మూలల్లోనే. గోడా నేలా కలిసే చోట సిమెంట్‌తో గుండ్రంగా మలిచి, దాని మీద ఫైబర్ వల అంటించి పూత వేయాలి. పైపులు బయటికొచ్చే చోట, నేలలో నీరు పోయే జాలీ చుట్టూ కూడా ఇదే జాగ్రత్త.

పూత గట్టిపడ్డాక జాలీలోంచి నీరు పోకుండా బిరడా బిగించి, నేల మీద రెండంగుళాల నీరు నిలబెట్టి, మట్టం దగ్గర గీత గీసి, రెండు రోజులు చూడండి. ఇది నేలకే పరీక్ష. గోడకు పైపుతో ఒక గంట నీళ్ళు కొట్టి, పడకగది వైపు చెయ్యి పెట్టి చూడండి. అవతల బీరువా ఉంటే ముందే జరిపి ఉంచాలి.

ఇంత చేశాక టైల్స్ మేస్త్రీ వచ్చి పట్టు కోసమని గోడకు గాట్లు పెడతాడు. ఒక్కో గాటుతో పూతకు ఒక్కో చిల్లు. దయచేసి ఒప్పుకోకండి. గాట్లు లేకుండా పట్టే టైల్ అంటు (టైల్ అడ్హెసివ్) ఉంది, అదే వాడించండి. టైల్ వెనక నాలుగు మూలలా ముద్దలు పెట్టి అంటిస్తే మధ్యలో ఖాళీ ఉండి నీరు చేరుతుంది, వెనకంతా అంటు పూయించాలి. టైల్స్ సందుల్లో ఎపాక్సీ గ్రౌట్ (సందు నింపే పదార్థం), మూలల్లో సిలికాన్ నింపించండి.

కరెంటు మాట ఒక్కటే. ఆ గోడకు అవతలి వైపు స్విచ్‌బోర్డు ఉంటే వేరే గోడకు మార్పించండి, గీజర్ లైనుకు కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ స్విచ్ (RCCB) పెట్టించండి.

గాడి మూయకముందే గోడ మీద కొలత టేపు పరిచి పైపుల ఫోటోలు తీసి ఫోనులో ఉంచుకోండి. అద్దం, సబ్బు పెట్టె, తువ్వాలు కడ్డీ ఎక్కడ బిగించాలో పూతకు ముందే నిర్ణయించి, షవర్ నీళ్ళకు తడిసే గోడకు కాకుండా ఎదురు గోడకు పెట్టించండి.