నాణ్యతా సాధనాలు, 4వ పాఠం: తప్పు ఏ వేళకు పుడుతోంది?

కిందటి పాఠంలో గీసిన పారెటో చార్టును, అంటే తప్పులను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా కడ్డీలుగా నిలబెట్టిన బొమ్మను, బయటికి తీయండి. ఇవాళ కొత్త చార్టేమీ గీయం, ఉన్నదాన్నే విప్పి చూస్తాం.

మన లెక్క గుర్తుందిగా. మూడు సీఎన్‌సీ లేత్‌లు (కంప్యూటర్ నడిపే, లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రాలు), రెండు షిఫ్టులు, ఆరు రోజుల పని. తీసేది బుష్‌లు, అంటే మధ్యలో రంధ్రం ఉన్న గొట్టంలాంటి ముక్కలు. రిజెక్టయిన ముక్కలు 120. అందులో బోర్ (లోపలి రంధ్రం) సైజు పెరిగినవి 54, బర్ (అంచున మిగిలే లోహపు ముళ్లు) మిగిలినవి 27, దెబ్బలు తగిలినవి 18, పొడవు తగ్గినవి 12, తక్కినవన్నీ కలిపి 9. పాఠం కోసం నేను వేసుకున్న అంకెలివి, మీరు మీ షాపు అంకెలతో చేసుకోండి. మొదటి కడ్డీ ఒక్కటే 45 శాతం. రెండోదీ కలిస్తే 67.5, మూడోదీ కలిస్తే 82.5.

ఇంకో మాట. బర్ ఉన్న ముక్కకు ఆకురాయి (ఫైల్) పట్టి మళ్లీ పంపవచ్చు. బోర్ తగ్గితే ఇంకో కట్ వేసి సరిచేయవచ్చు. బోర్ పెరిగిన ముక్క మాత్రం తుక్కే, పోయిన లోహాన్ని మళ్లీ అతికించలేం. అందుకే ఈ చార్టును ముక్కల లెక్కలో ఒకసారి, రూపాయల లెక్కలో ఒకసారి గీయమని కిందటిసారి పట్టుబట్టాను. రూపాయల్లో గీస్తే మన మొదటి కడ్డీ ఇంకా పొడుగవుతుంది.

పెద్ద కడ్డీ దొరికింది. చాలా షాపుల్లో ఇక్కడే పని ఆగిపోతుంది. బోర్డు మీద ‘బోర్ సైజు జాగ్రత్త’ అని రాస్తారు, ఆపరేటర్లను నిలబెట్టి గట్టిగా నాలుగు మాటలంటారు. వారం రోజులు తగ్గినట్టే ఉంటుంది, తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. అది చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. ఏ తప్పు ఎక్కువగా వస్తోందో మాత్రమే ఆ చార్టు చెప్పింది. ఎందుకు వస్తోందో అది ఇంకా చెప్పనే లేదు, అంతలోనే మనుషుల మీద నింద పడిపోయింది.

ఇప్పుడు చేయాల్సిన పని పేరు స్ట్రాటిఫికేషన్. పొరలు విడదీయడం అని నేను చెబుతాను. జపాన్ నాణ్యతా నిపుణుడు కవోరు ఇషికావా ఏర్చిన ఏడు సాధనాల్లో ఇదీ ఒకటి. కొన్ని పుస్తకాల్లో దీని స్థానంలో ఫ్లోచార్టును చేరుస్తారు. నా మట్టుకు నాకు ఏడింటిలో అన్నిటికన్నా విలువైనది ఇదే. దీనికి గీతలేమీ అక్కర్లేదు, అందుకే చాలామంది దాటేసి వెళ్లిపోతారు.

ఆ 54 ముక్కలను ముందు యంత్రం వారీగా విడదీద్దాం. మొదటి లేత్ మీద 19, రెండోదాని మీద 17, మూడోదాని మీద 18. మూడూ ఇంచుమించు ఒకే సంఖ్యలో ముక్కలు తీశాయి కాబట్టి వీటిని నేరుగా పోల్చవచ్చు. మూడో లేత్ రెట్టింపు ముక్కలు తీసి ఉంటే, 18 రిజెక్టులతో అదే అన్నిటికన్నా మంచి యంత్రమయ్యేది. విడదీసిన ప్రతిసారీ మొత్తం ఎన్నింటిలో ఎన్ని అని అడగడం మరవకండి. ఇక్కడ తేడా ఏమీ కనిపించలేదు, కనుక యంత్రం కాదు. షిఫ్టు వారీగా చూస్తే మొదటి షిఫ్టులో 26, రెండోదాంట్లో 28. అక్కడా ఏమీ లేదు. ‘రెండో షిఫ్టు కుర్రాళ్లకు పని రాదు’ అన్న మాట ఈ ఒక్క లెక్కతో పక్కకు పోయింది.

తర్వాత గంట వారీగా. షిఫ్టు ఎనిమిది గంటలు. మొదటి గంటలో 23, భోజనం తర్వాతి గంటలో 14, మిగిలిన ఆరు గంటలూ కలిపి 17. అంటే రెండు గంటల్లోనే 37 ముక్కలు పోయాయి. ఇప్పటిదాకా కళ్లముందే ఉండి కనబడనిది ఇదే.

చెక్‌షీట్‌లో, అంటే తప్పు వచ్చినప్పుడల్లా గీత గీసుకునే కాగితంలో, గంట గడి పెట్టుకోకపోతే ఈ లెక్క వచ్చేదే కాదు. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక షాపులో నెల రోజులపాటు రిజెక్టుల లెక్క రాశాం. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా, ఎంతో శ్రద్ధగా కట్టలు కట్టాం. నెలాఖరున కూర్చుని చూస్తే ఏ ముక్క ఏ వేళకు పోయిందో ఒక్కదానికీ లేదు. ఆ కాగితాలన్నీ పక్కన పెట్టి మళ్లీ మొదటినుంచి రాయాల్సి వచ్చింది. గీత గీసేటప్పుడు వేళ రాయడానికి రెండు క్షణాలు చాలు. తర్వాత దాన్ని గుర్తు తెచ్చుకుని రాయడం ఎవరివల్లా కాదు. కాబట్టి చెక్‌షీట్ తయారుచేసే ముందే ఏ పొరలుగా విడదీయాలనుకుంటారో రాసుకోండి. యంత్రం, షిఫ్టు, గంట, ముడిసరుకు లాట్, ఇన్‌సర్ట్ (లోహాన్ని కోసే మొన) ఎప్పుడు మార్చారు అన్నవి ఉంటే మొదటి ప్రయత్నానికి సరిపోతుంది. ఆపరేటర్ పేరు మాత్రం మొదటిసారి వద్దని నా సలహా. పేరు గడి కనబడగానే గీతలు తగ్గుతాయి. రిజెక్టులు తగ్గవు, తుక్కు డబ్బాలోకి చడీచప్పుడు లేకుండా చేరతాయి.

గంట గడి పెట్టాలని ఎవరికి తోస్తుంది? యంత్రం దగ్గర నిలబడేవాళ్లకే. 1962లో జపాన్‌లో క్వాలిటీ సర్కిళ్లు (పనిచేసేవాళ్లే కూడి తమ పనిలోని చిక్కులు విప్పుకునే చిన్న బృందాలు) మొదలైనప్పుడు ఇషికావా ఈ సాధనాలను ఇంజనీర్ల గదిలోంచి కార్మికుల చేతికి తేవాలని అంతగా పాటుపడింది ఇందుకే. మన దేశంలో ఆ సర్కిళ్లు 1980లో హైదరాబాద్ రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో మొదలయ్యాయి. 1982లో పుట్టిన క్వాలిటీ సర్కిల్ ఫోరమ్ ఆఫ్ ఇండియా ప్రధాన కార్యాలయం సికింద్రాబాద్‌లోనే ఉంది. తెలుగువాళ్లకు ఈ విద్య పరాయిది కాదు.

ఇక కాగితం పక్కన పెట్టి, షిఫ్టు మొదలయ్యే వేళకు వెళ్లి లేత్ పక్కన నిలబడండి. మాట్లాడొద్దు, చూడండి. మన ఉదాహరణలో కనబడేది ఇది: షిఫ్టు ఎక్కగానే ఒకసారి, భోజనం నుంచి రాగానే ఒకసారి ఇన్‌సర్ట్ మారుస్తున్నారు. ఇన్‌సర్ట్ అరిగేకొద్దీ బోర్ కొంచెం కొంచెం తగ్గుతుంది. దాన్ని సరిదిద్దడానికి పాత ఆపరేటర్ వేర్ ఆఫ్‌సెట్ (అరుగుదలకు సరిపడా యంత్రంలో కలిపే అంకె) పెంచుతూ వచ్చాడు. అది సరైన పనే. కొత్త ఇన్‌సర్ట్ పెట్టాక ఆ పెంచిన ఆఫ్‌సెట్ అలాగే ఉండిపోయింది. పదునైన కొత్త మొన, దాని మీద పాత మొన కోసం కలిపిన అంకె. బోర్ పెరగక ఏమవుతుంది? ఇన్‌స్పెక్టర్ గంటకోసారి వస్తాడు, అతను వచ్చి పట్టుకునేలోగా పోవాల్సినవి పోతాయి.

కారణం దొరికిందని సంబరపడకండి, ఇంకా అది అనుమానమే. రుజువు చేయడానికి తేలికైన దారి ఉంది. రెండు రోజులపాటు ఇన్‌సర్ట్‌ను మామూలు వేళకు కాకుండా మూడో గంటలో మార్చమనండి, ఆఫ్‌సెట్ విషయంలో రోజూ చేసినట్టే చేయమనండి. ఆ రెండు రోజులూ ప్రతి ముక్కనూ గేజ్ చేయండి, పాడైంది ఒక్కటీ బయటికి పోకూడదు. తప్పు కూడా మూడో గంటకు జరిగితే మీ అనుమానం నిజమే. మొదటి గంటలోనే ఉండిపోతే కారణం ఇంకోటి, వెళ్లి మళ్లీ వెతకండి.

నిజమని తేలాక ‘ఎందుకు’ అని కిందికి తవ్వండి. టయోటాలో తైచీ ఓనో నేర్పిన ఐదు ఎందుకుల పద్ధతి అది. ఆఫ్‌సెట్ ఎందుకు ఉండిపోయింది? పెంచినవాడు ఒకడు, ఇన్‌సర్ట్ మార్చినవాడు ఇంకొకడు. భోజనం తర్వాత మనిషి మారకపోయినా ఎందుకు ఉండిపోయింది? మార్చే పద్ధతి రాసిన కాగితంలో ఆఫ్‌సెట్ మాటే లేదు. ఎందుకు లేదు? ఆ కాగితం రాసినప్పుడు ఇన్‌సర్ట్ మార్చడం సెట్టర్ (యంత్రాన్ని పనికి సిద్ధం చేసే మనిషి) పని, అతనికి అది చెప్పక్కర్లేదు. ఇక్కడికి మూడు ఎందుకులే అయ్యాయి, చాలు. ఐదు పూర్తిచేయాలని లేనివి కల్పించకండి. కాగితంలో రెండు వరుసలు చేర్చాలి: ఇన్‌సర్ట్ మార్చగానే వేర్ ఆఫ్‌సెట్ సున్నా చేయాలి, మొదటి ముక్కను ప్లగ్ గేజ్‌తో (రంధ్రంలోకి దూర్చి సైజు చూసే కొలకడ్డీతో) చూశాకే రెండోది మొదలుపెట్టాలి.

అభ్యాసం. మీ దగ్గర లేత్ ఉండనక్కర్లేదు. బిల్లుల సెక్షన్‌లో పనిచేస్తుంటే వెనక్కి తిరిగొచ్చిన బిల్లులు తీసుకోండి. నెలలో ఏ తేదీకి వచ్చాయి, ఏ విభాగం నుంచి, ఏ రకం బిల్లు అని మూడు గడులు చాలు. రెండు వారాలు రాయండి. మూడు విధాలా విడదీయండి, ఒక్కో గడిలో మొత్తం ఎన్ని బిల్లులు వచ్చాయో పక్కనే వేయండి. ఒక్కదాంట్లోనూ తేడా రాకపోతే కంగారుపడకండి, మీరు రాయని గడి ఇంకోటి ఉందన్నమాట. అదేమిటో ఆ పని రోజూ చేసేవాళ్లను అడగండి.

5వ పాఠంలో చేపముల్లు బొమ్మ (తప్పుకు గల కారణాలను ముళ్లలా విడదీసి చూపే చార్టు) గీద్దాం. ఈ రెండు వారాల కాగితం లేకుండా దానికి రావద్దు.