విమాన కంపెనీలు కలిసిపోతుంటే వైజాగ్ నుంచి అభ్యంతరం ఎలా రాయాలి

"రేట్లు పెరిగిపోతాయండీ" అని ఒక్క లైను రాసి కాంపిటీషన్ కమిషన్‌కి (కంపెనీల విలీనాలని పరిశీలించి అనుమతిచ్చే కేంద్ర సంస్థ) పంపితే ఎవరూ పట్టించుకోరు.

ముందు మీ రూటు పట్టుకోండి. దేశం మొత్తంలో ఎవరి వాటా ఎంత అన్నది టీవీ డిబేట్లకి బాగుంటుంది గానీ, కాంపిటీషన్ కమిషన్ లాంటి సంస్థలు ఊరి నుంచి ఊరికి లెక్క చూస్తాయి, అంటే వైజాగ్–హైదరాబాద్ ఒక మార్కెట్టు, వైజాగ్–ఢిల్లీ ఇంకోటి. ఆ రూట్లో రోజుకి ఎన్ని ఫ్లైట్లు, ఏ కంపెనీవి, కలిశాక ఎంతమంది మిగులుతారో రాసుకోండి. రేట్ల స్క్రీన్‌షాట్లు తేదీతో సహా దాచండి.

వందేభారత్ ఉందిగా అని కంపెనీ లాయర్లు అనొచ్చు. సికింద్రాబాద్‌కి సరే, ఢిల్లీకి అంత వేగంగా వెళ్లే రైలేది?

అమెరికాలో 2024 జనవరిలో జెట్‌బ్లూ–స్పిరిట్ విమాన కంపెనీల విలీనాన్ని కోర్టు ఆపింది, చవక టికెట్ల మీద ఆధారపడ్డవాళ్లు నష్టపోతారనే. అదే ఏడాది నవంబర్లో స్పిరిట్ దివాలా పిటిషన్ వేసింది, కాబట్టి విలీనం ఆపితే కంపెనీయే మునుగుతుందని అవతలివాళ్లు అంటారు, జవాబు రెడీగా పెట్టుకోండి.

కమిషన్‌కి గట్టి అనుమానం వస్తేనే కంపెనీల చేత వివరాలు ప్రచురింపజేసి జనం అభ్యంతరాలు అడుగుతుంది, గడువు చాలా తక్కువ. ఎయిర్ ఇండియా–విస్తారా విలీనానికైతే 2023 సెప్టెంబర్లో కంపెనీల హామీలతోనే ఆమోదం వచ్చేసింది. అందుకే "ఆపండి" అని మాత్రమే రాయకండి. ఈ రూట్లో సీట్లు తగ్గించకూడదు, రద్దీ ఎయిర్‌పోర్టుల్లో స్లాట్లు (విమానం దిగడానికి, ఎగరడానికి కేటాయించిన టైములు) వేరే కంపెనీకి వదలాలి అని షరతులు కూడా అడగండి.