పొందూరు ఖద్దరు నేతను దగ్గరగా ఫొటో తీయడం

శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, చేతితో వడికిన సన్నని నూలుతో నేసే ఖద్దరును ఫొటో తీసేటప్పుడు, పోగుల్లోని సహజమైన హెచ్చుతగ్గులు కనబడేలా చూడాలి. అవి లోపాలు కావు, చేతిపనికి ఆనవాళ్లు.

అన్నిటికన్నా ముఖ్యం వెలుతురు. ఎదురుగా ఫ్లాష్ వేస్తే నేత చదునైపోతుంది కనుక, కిటికీ పక్కన బల్ల మీద బట్టను పరిచి, వెలుగు ఒక పక్కనుంచి దాదాపు బట్టను రాసుకుంటూ వచ్చేలా బల్లను తిప్పుకోవాలి. అప్పుడు ప్రతి పోగుకూ సన్నని నీడ పడి, పడుగు (నిలువు పోగులు) మీదుగా పేక (అడ్డ పోగులు) ఎక్కి దిగే తీరు, అంచున లేచిన నూగు కూడా స్పష్టమవుతాయి. పోగుల పలుచదనం చూపాలంటే మాత్రం బట్టను కిటికీకి అడ్డంగా వేలాడదీసి, వెనుక వెలుగులో తీయాలి.

మ్యాక్రో లెన్స్‌తో (చాలా దగ్గరగా తీసే లెన్స్) అసలు పరిమాణంలో, అంటే కెమెరా సెన్సార్‌పై బట్ట ఉన్నంత కొలతలోనే పడేలా తీస్తే, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/8కి చిన్నది చేసినా ఫోకస్‌లో ఉండే లోతు సుమారు 1 మిల్లీమీటరే. అందుచేత కెమెరాను ట్రైపాడ్‌పై బిగించి, లెన్స్ బట్టకు సరిగ్గా ఎదురుగా ఉండేలా సరిచూసుకుని, 2 సెకన్ల టైమర్‌తో తీయడం మంచిది. ఫ్యాను ఆపడం చాలామంది మరచిపోతారు. ఇంత పలుచని బట్ట కదలడానికి ఆ గాలే చాలు.

తెల్ల బట్టను కెమెరా బూడిద రంగులో చూపుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్‌ను (కెమెరాలో పడే వెలుగును) ఒక స్టాప్ వరకు, అంటే రెట్టింపు దాకా, పెంచాలి. ఇస్త్రీ తేలికగా చాలు, గట్టిగా చేస్తే నూగు అణగిపోతుంది.