తెల్లారుజామున పడుకుని పదింటికి లేచే మోటారు

ఇందుకూరుపేట, ముత్తుకూరు, అల్లూరు వైపు మోటార్లు బాగుచేసేవాడి ఫోను తెల్లారుజామున మూడింటికీ ఐదింటికీ మధ్యే మోగుతుంది. "అన్నా, ఏరియేటర్లు ఆగిపోయినాయి. రొయ్య పైకి తేల్తా ఉండాది, యాడుండావు?" అని. ఏరియేటరంటే రొయ్యల గుంటలో తెడ్లు తిప్పి నీళ్లలోకి గాలి కలిపే మోటారు యంత్రం. నెల్లూరు నుంచి మైపాడు పాతిక కిలోమీటర్లు. స్వెట్టరు వేసుకుని బండి తీసేలోపు రెండో ఫోను వస్తుంది.

ఆ వేళకే ఎందుకు? గుంటలో ఉన్న పచ్చటి ప్లాంక్టన్ పగలు ఎండలో ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా అదే తాగుతుంది. సూర్యుడు రాకముందు గంటా రెండు గంటలు నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండేదీ ఆ గంటల్లోనే. అంటే మోటారు ఎప్పుడు తిరిగి తీరాలో అప్పుడే దానికి జబ్బు చేస్తుంది. సముద్రం పక్కన ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నా. నేను తీసుకునే పిలుపుల్లో సగానికి పైన ఉప్పు చేసిన పనే. వైండింగ్ (మోటారు లోపలి రాగి తీగ చుట్ట) కాలిపోయిందని వాళ్లే తీర్మానించుకుని ఫోను చేస్తారు, అసలు కాలేది తక్కువ.

ముందు ఒక్క మాట. గుంటలో దిగి ఏరియేటర్ బాడీ ముట్టుకునే ముందు మెయిన్ ఆఫ్ చేయడం ఒక్కటే చాలదు. మూడు ఫ్యూజు క్యారియర్లు పీకి నా జేబులో వేసుకుంటా. గట్టు మీద ఎవడో ఒకడు "కరెంటు వచ్చిందేమో చూద్దాం" అని స్విచ్చి ఎత్తకుండా ఉండడు.

రాత్రి ట్రిప్పు, పగలు భేషుగ్గా

తెల్లారుజామున ఈఎల్‌సీబీ (కరెంటు బాడీకి లీకైతే లైను ఆపేసే స్విచ్చి) కొట్టేస్తుంది. ఎత్తితే మళ్లీ కొట్టేస్తుంది. పది గంటలకు సంచి పట్టుకుని మనం వెళ్లేసరికి మోటారు పెళ్లికొడుకులా తిరుగుతుంటుంది. గుంటాయన మన వంక చూసే చూపులో "నీకు డబ్బులెందుకియ్యాల?" అన్నది స్పష్టంగా కనిపిస్తుంది.

కారణం వంటింట్లో ఉంది. కార్తీకం ముసురులో ఉప్పు జాడీ మూత తీసి చూడండి, అడుగున నీరు ఊరి ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తాను నీళ్లు లాక్కుని ద్రవమైపోతుంది. టెర్మినల్ బాక్సులో, వైండింగ్ తీగల సందుల్లో పేరుకున్న ఉప్పు చేసేదీ అదే. తెల్లారుజామున ఉప్పునీరై కరెంటును బాడీకి దారి పట్టిస్తుంది. ఎండెక్కాక పొడి అయిపోతుంది, లీకేజీ మాయం.

అందుకే మెగ్గరు (వైండింగ్ నుంచి బాడీకి కరెంటు లీకవుతోందో లేదో కొలిచే మీటరు) మధ్యాహ్నం పెట్టి "మోటారు బాగుంది" అని చీటీ రాసివ్వకండి. టెర్మినల్ దగ్గర సప్లయ్ తీగలు విప్పి, 500 వోల్టుల మెగ్గరును వైండింగ్‌కీ బాడీకీ మధ్య పెట్టి, పొద్దు పొడవక ముందు చూడాలి. మెగోమ్‌లు ఎంత ఎక్కువుంటే లీకేజీ అంత తక్కువ. పోయినేడాది ఒక మోటారు మధ్యాహ్నం 20 మెగోమ్‌లు చూపించింది. మర్నాడు ఐదింటికి అదే మోటారు, అదే మెగ్గరు, పావు మెగోమ్ కూడా లేదు. ఒకటి కన్నా తక్కువుంటే నేను నడపనివ్వను.

బాగుచేసే పద్ధతి చెబితే గుంటాయన భయపడతాడు. కడగాలి. అవును, వైండింగ్‌నే. "మోటారుకు నీళ్లు పోస్తావా, ఏంది నీ యవ్వారం?" అన్నాడొకాయన. పోస్తా, కానీ మంచినీళ్లు. అక్కడి బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి గనక ఇరవై లీటర్ల క్యాను తెప్పించుకుంటా. రోటరు (లోపల తిరిగే భాగం) తీసి, బేరింగులు పీకి పక్కన పడేసి (అవి ఎలాగూ కొత్తవి వేయాల్సిందే), స్టేటరు (వైండింగ్ ఉండే కదలని భాగం) మీద నెమ్మదిగా నీళ్లు పోస్తూ మెత్తటి బ్రష్షుతో తోమాలి. మొదటి నీళ్లు నాలుక కొసకు తగిలిస్తే ఉప్పగా ఉంటాయి. చప్పబడేదాకా పోయాలి. నా మీటరు అదే, నవ్వేవాళ్లు నవ్వనీ. తర్వాత రెండు వైపులా 200 వాట్ల బల్బులు పెట్టి గోనెపట్టా కప్పి ఒక రాత్రంతా ఆరబెట్టాలి. మెగ్గరు మెల్లగా పైకెక్కుతుంది. ఎక్కి ఒకచోట నిలిచాకే వార్నీష్. తడి మీద వార్నీష్ కొడితే ఉప్పును లోపలే దాచిపెట్టినట్టు.

కడక్కుండా ఎండలో పెట్టి, ఆరింది కదా అని బిగించేవాళ్లు ఉన్నారు. నీళ్లు ఆరతాయి, ఉప్పు ఎక్కడికి పోతుంది? వారానికి మళ్లీ ఫోను వస్తుంది. ఆ ఫోను నాకే వస్తుంది గనక నాకు నష్టం లేదనుకోండి.

బిగించేటప్పుడు ఇంకో చిన్న పని: కేబులు టెర్మినల్ బాక్సులోకి పైనుంచి దిగకూడదు. కిందికి ఒక వంపు తిరిగి, అడుగు నుంచి పైకెక్కాలి. తీగ వెంట జారే మంచు చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. గ్లాండులో (కేబులు దూరే బిగింపులో) రబ్బరు వాషరు ఉందో లేదో వేలు పెట్టి చూడండి, చాలావాటిలో ఉండదు.

'హూం' అంటుంది, తిరగదు

ఇంట్లో వాడే సింగిల్ ఫేజు మోటారైతే ముందు కండెన్సర్‌ను (మోటారుకు మొదటి తోపు ఇచ్చే డబ్బాను) అనుమానించాలి. వెనక ఫ్యాను చేత్తో తిప్పితే తేలిగ్గా తిరుగుతోంది, కరెంటిస్తే మూలుగుతోంది అంటే తొంభై పాళ్లు అదే. కరెంటు ఉండగా పుల్లతో ఫ్యాను తోసి స్టార్టు చేసే వీరులను చూశా. ఒకరి వేళ్లకు కుట్లు పడటమూ చూశా. కండెన్సర్ విప్పేముందు దాని రెండు కాళ్ల మధ్య ఒక బల్బు తగిలించి చార్జి దింపండి. మీటరులో చూస్తే ఒంటి మీద రాసున్న మైక్రోఫారడ్‌లకు దగ్గరగా ఉండాలి. 36 రాసి 25 చూపిస్తే పారేయడమే.

త్రీ ఫేజు మోటారు మూలిగితే ఒక ఫేజు రావట్లేదని అర్థం. స్తంభం మీద ఫ్యూజు పోయి ఉండొచ్చు, స్టార్టరులో కాంటాక్టు నల్లబడి ఉండొచ్చు. ఈ రెండూ అందరూ చూస్తారు. అందరూ వదిలేసేది జాయింటు. అల్యూమినియం సర్వీసు తీగను రాగి తీగతో చేత్తో మెలేసి టేపు చుట్టేస్తారు. రెండు వేర్వేరు లోహాలు, మధ్యలో ఉప్పు తేమ: బ్యాటరీ తయారైనట్టే. ఆ తేమలో అల్యూమినియం తినుకుపోయి తెల్లపొడి అవుతుంది, రాగి పచ్చగా చిలుము పడుతుంది. టేపు పైకి మాత్రం కొత్తగా మెరుస్తుంటుంది.

మీటరు పెడితే 415 వోల్టులు చూపించి మోసం చేస్తుంది. లోడు లేనప్పుడు కుళ్లిన జాయింటు కూడా వోల్టేజీ దాటిస్తుంది. మోటారు ఆన్ చేసి, ఆ జాయింటుకు ఇటూ అటూ మీటరు ముల్లులు పెట్టి చూడండి. అక్కడే పదీ పదిహేను వోల్టులు కనిపిస్తే దొంగ దొరికినట్టే. కత్తిరించి, తాజా రాగి వచ్చేదాకా వెనక్కి వెళ్లి, ఉప్పు కాగితంతో రుద్ది (దాని పేరులోనూ ఉప్పే, ఏం చేస్తాం), బైమెటల్ లగ్గు (ఒక వైపు రాగి, ఒక వైపు అల్యూమినియం ఉండే ముక్క) వేసి క్రింప్ చేసి, మీద గ్రీజు పూయాలి.

ఒక ఫేజు లేకుండా తిరుగుతూ ఉండిపోయిన మోటారు మిగతా రెండు ఫేజుల్లో దాదాపు 1.7 రెట్లు కరెంటు లాగుతుంది. ఓవర్‌లోడు రిలే సరిగ్గా పెట్టి ఉంటే ఆపేస్తుంది. రిలే మాటిమాటికీ కొడుతోందని డైరెక్టు చేసేస్తే ఇక దేవుడే దిక్కు. మూత తీశాక ఎలా కాలిందో వైండింగే చెబుతుంది. రెండు హెచ్‌పీ దాకా మోటార్లు మామూలుగా స్టార్ కనెక్షను (మూడు కాయిళ్ల ఒక్కో కొసను ఒకచోట కలిపేది). వాటిలో రెండు ఫేజుల కాయిళ్లు మాడి, మూడోది కొత్తగా మెరుస్తూ ఉంటే ఒక ఫేజు పోయినట్టు. అన్నీ సమానంగా నల్లబడితే బరువెక్కువై కాలింది. పెద్ద మోటారు, డెల్టా (కాయిళ్లను త్రిభుజంలా కలిపేది) అయితే దీనికి రివర్సు: ఒక ఫేజు మాత్రమే మాడుతుంది. రివైండింగ్‌కు ఇచ్చేముందు ఫోను కెమెరాతో ఒక ఫోటో తీసుకోండి. కారణం సరిచేయకుండా రివైండింగ్ చేయించిన మోటారు నెల తిరక్కుండా మళ్లీ షాపుకొస్తుంది.

ఏరియేటరు గీరుతోంది, ఆంపియర్లు ఎక్కాయి

రెండు హెచ్‌పీ మోటారు టంగ్ టెస్టరులో (తీగ విప్పకుండా చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరులో) మూడున్నర ఆంపియర్ల దగ్గర ఉండాలి. మూడు ఫేజుల్లోనూ సమానంగా ఎక్కి ఐదు చూపిస్తుంటే కరెంటు తప్పు కాదు, గేరు బాక్సు. నిమిషానికి 1440 చుట్లు తిరిగే మోటారును తెడ్లకు వంద చుట్ల చిల్లరకు దించేది అదే. అడుగు బోల్టు విప్పి ఆయిలు చూడండి. పాలు పోసిన కాఫీ రంగులో ఉంటే సీలు పోయి నీళ్లెక్కాయి. ఆయిలు మార్చి వదిలేస్తే సరిపోదు. షాఫ్టు మీద సీలు కూర్చునే చోట గోరుతో గీరండి. గాడి తగిలితే కొత్త సీలు కూడా కారుతుంది, ముందు షాఫ్టు సంగతి చూడాలి.

మోటారు తిరుగుతుంది, నీళ్లు రావు

లైను పనులు జరిగిన మర్నాడైతే ఫేజులు తారుమారై మోటారు ఎదురు తిరుగుతోంది. ఏవైనా రెండు తీగలు మార్చండి, అయిపోయింది. లేదంటే ఫుట్ వాల్వులో (పైపు అడుగున నీళ్లు వెనక్కి పోకుండా ఆపే మూతలో) నత్తగుల్ల. ఎండాకాలంలో నీళ్లు పాతికడుగుల కిందికి దిగితే గట్టు మీది పంపుతో వాదించి లాభం లేదు, పంపునే కిందికి దించాలి.

ఆదివారం మైపాడు, సోమవారం స్టార్టు కాదు

మా మేనల్లుడు ఇసుకలో బండి తోలి వస్తాడు. పైపైన గుడ్డతో తుడిచి ముద్దొచ్చేలా పెడతాడు. మర్నాడు హారను పీల, బ్రేకు లైటు ఆరదు, సెల్ఫు టిక్కుమంటుంది. బ్రేకు స్విచ్చిలో ఉప్పు, బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లపొడి. వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లు పొడి మీద పోస్తే బుసబుసమని పోతుంది. తుడిచి, బిగించి, కాస్త వ్యాజిలైన్ రాయాలి. సైలెన్సరు చల్లారాక మంచినీళ్లతో అడుగు కడిగి, ఆరాక చైనుకు ఆయిలు. ఇది బీచి నుంచి వచ్చిన రాత్రే చేయాలి. సోమవారం చేస్తే నా షాపులో చేయించుకున్నట్టే.

గాలం రీలు కరకర

పనిలేని పూట నేను పెన్న మొగ దగ్గర గాలం వేస్తా. మొన్న ఒక పండుగొప్ప పట్టింది. రెండు కిలోలు ఉంటుందని నా లెక్క, పోయిన చేప ఎప్పుడూ రెండు కిలోలే అనుకోండి. చేప గుంజినప్పుడు డ్రాగ్ (రీలులోని బ్రేకు) జారి తీగ వదలాలి. వదల్లేదు. టప్‌మని తెగింది. ఇంటికొచ్చి విప్పితే డ్రాగ్ వాషర్ల మధ్య ఉప్పు అట్టకట్టి ఉంది. ఊరందరి మోటార్లకూ కడగండి కడగండి అని చెప్పేవాణ్ని, నా రీలును నెలరోజులు సంచిలో అలాగే పడేశా.

పైపు పెట్టి జోరుగా కొట్టకండి, ఉప్పు ఇంకా లోపలికి పోతుంది. డ్రాగ్ బిగించి, మంచినీళ్లు పైనుంచి చిలకరించినట్టు పోసి, తుడిచి నీడలో ఆరనివ్వాలి. తీగ తాకే చిన్న రోలరుకు ఒక్క చుక్క మిషను ఆయిలు, గేర్లకు గ్రీజు. ఆరాక డ్రాగ్ పూర్తిగా వదులు చేసి పెట్టండి. బిగించి ఉంచితే వాషర్లు నొక్కుకుపోతాయి.

విప్పిన వాషర్లు క్యాను నీళ్ల గిన్నెలో వేసి తోముతుంటే మేనల్లుడు మెగ్గరు తెచ్చి పక్కన పెట్టాడు. "చూడు మామా, ఎన్ని మెగోమ్‌లు ఉండాదో."