నిశ్చితార్థానికి కేక్ పాప్స్ ఇంట్లోనే చేయడం ఎలా?

సున్నుండ చుట్టడం వచ్చిన చేతికి కేక్ పాప్ కొత్త విద్యేమీ కాదు. కేక్‌ను పొడి చేసి, వెన్న, పంచదార క్రీమ్ కలిపి ఉండ కట్టి, పుల్లకు గుచ్చి, కరిగిన చాక్లెట్‌లో ముంచడమే. ఇబ్బంది అంతా మన వాతావరణంతోనే. శ్రీకాకుళం, విజయనగరం వైపు వైశాఖ, జ్యేష్ఠాల్లో పెళ్లిళ్లంటే పైన ఎండ, పక్కన సముద్రం నుంచి ఉప్పగాలి. అందుకే ఈ పద్ధతిలో వెన్న తగ్గించాను, ఫ్రెష్ క్రీమ్ అసలు వాడలేదు.

యాభై పాప్స్‌కి అంచులు కోసేశాక కిలో తూగే ఎగ్‌లెస్ వెనిలా కేక్, 80 గ్రాముల వెన్న, 120 గ్రాముల పంచదార పొడి, 100 గ్రాముల జీడిపప్పు, 800 గ్రాముల వైట్ కాంపౌండ్ (పూతకి వాడే చాక్లెట్ లాంటి తెల్లటి గడ్డ), 55 పేపర్ పుల్లలు సరిపోతాయి. రెండు వైపుల పెద్దవాళ్లలో గుడ్డు తిననివాళ్లు ఎవరో ఒకరు ఉంటారు కాబట్టి ఎగ్‌లెస్ కేకే మేలు. జీడిపప్పు పలాస ముక్క చాలు, ఎలాగూ పొడి చేస్తాం. కాంపౌండే ఎందుకంటే, అసలు చాక్లెట్‌లో కోకో బటర్ ఉంటుంది, దాన్ని కొలిచిన వేడిలో కరిగించి చల్లార్చకపోతే, అంటే టెంపరింగ్ చేయకపోతే, మెరుపు రాదు, గట్టిపడదు. కాంపౌండ్‌లో కోకో బటర్ బదులు వేరే వెజిటబుల్ ఫ్యాట్ ఉంటుంది. కరిగించి ముంచేయడమే.

ఉండ కట్టడం

కేక్ ముందురోజే చేసి పూర్తిగా చల్లారనివ్వండి. పైన, అంచుల్లో గోధుమరంగు పొర కోసేయండి. అది ఉంటే ఉండ నున్నగా రాదు. మిగతాది చేత్తో రవ్వలా నలపండి. వెన్న, పంచదార పొడి కలిపి గిలక్కొట్టి, జీడిపప్పు బరక పొడితో పాటు కేక్ రవ్వలో కలపండి. వెన్న మిశ్రమం మొత్తం ఒకేసారి వేయకండి, చెంచా చెంచాగా వేయండి. కేక్‌లో తడి ఎక్కువుంటే అంతా పట్టదు.

గుప్పెడు తీసి పిడికిలి బిగించండి. ముద్ద నిలబడాలి, కానీ అరచేతికి జిడ్డు అంటకూడదు. బొటనవేలితో నొక్కితే గుంట పడాలి, పగుళ్లు రాకూడదు. చాలామంది ఇక్కడే తొందరపడి వెన్న మిశ్రమం ఎక్కువ వేసేస్తారు. అప్పుడు ఉండ బరువెక్కి పుల్ల మీంచి జారిపోతుంది, తింటే పచ్చిపిండిలా ఉంటుంది. కుదిరాక 26 గ్రాముల చొప్పున తూచి చుట్టండి. కంటి కొలతతో చేస్తే వరసలో పెట్టినప్పుడు తేడా తెలిసిపోతుంది. మూతపెట్టిన డబ్బాలో 40 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఫ్రీజర్ వద్దు.

ముంచడం

వేడినీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కాంపౌండ్‌ను నెమ్మదిగా కరిగించండి. ఒక్క చుక్క నీళ్లు పడినా గడ్డకట్టేస్తుంది, ఆవిరి తగలకుండా చూసుకోండి. చిక్కగా ఉంటే వాసన లేని నూనె ఒక చెంచా కలపండి. రంగు కూడా నూనెలో కలిసేదో, పొడి రంగో అయి ఉండాలి. మామూలు నీళ్ల రంగు వేస్తే గిన్నెడు కాంపౌండ్ పాడైపోతుంది.

పుల్ల చివర సెంటీమీటరు మేర కాంపౌండ్‌లో ముంచి, ఉండలోకి సగం దాకా దించి, ఐదు నిమిషాలు ఆరనివ్వండి. ఈ లోపు ఉండ చల్లదనం కూడా కాస్త తగ్గుతుంది. మరీ చల్లటి ఉండను వేడి కాంపౌండ్‌లో ముంచితే, తర్వాత కేక్ వేడెక్కి ఉబ్బి పైపొర పగులుతుంది. లోతైన గ్లాసులో కాంపౌండ్ పోసి, ఉండను నిటారుగా ఒక్కసారే ముంచి తీయండి, లోపల తిప్పకండి. పాప్‌ను కాస్త వాల్చి, రెండో చేత్తో మణికట్టు మీద మెల్లగా తట్టుతూ తిప్పితే ఎక్కువైనది కారిపోతుంది. వెంటనే థర్మోకోల్‌కి గుచ్చేయండి.

అలంకారం

నాకు అన్నిటికంటే నచ్చేది మధుపర్కం డిజైన్. తెల్లటి పాప్ పూర్తిగా ఆరాక, ఎర్ర రంగు కలిపిన కాంపౌండ్‌ను బటర్ పేపర్ కోన్‌లో పోసి, నడుం చుట్టూ రెండు సన్నని గీతలు, వాటి మధ్య కోటకొమ్మల్లా చిన్న త్రికోణాలు గీయండి. కోన్ కదల్చకుండా పుల్లను వేళ్లతో తిప్పితే గీత వంకర పోదు. పెళ్లికూతురి వైపు పాప్స్‌కి పసుపు పూత వేసి, ఎర్రని బొట్టు పెడితే చాలు. బంగారు పొడి కొనేటప్పుడు అది తినేదేనని ప్యాకెట్ మీద రాసి ఉందో లేదో, ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ నంబరు ఉందో లేదో చూడండి. ‘నాన్ టాక్సిక్’ అని మాత్రమే ఉంటే అది తినడానికి కాదు.

మా చిన్నాన్న కూతురి నిశ్చితార్థానికి విజయనగరం నుంచి శ్రీకాకుళం తీసుకెళ్లినప్పుడు, ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే డబ్బా మూత తీసేశాను. పది నిమిషాల్లో పాప్స్‌కి చెమట పట్టి, ఎర్ర అంచు తెల్లటి పూత మీదికి కారింది. యాభైలో పద్దెనిమిది పక్కన పెట్టాల్సి వచ్చింది. పెళ్లికూతురి ముందు ఆ ట్రే పెట్టలేక చాలా బాధపడ్డాను. అప్పటినుంచి గాలి చొరని డబ్బాలోనే తీసుకెళ్లి, లోపలి చల్లదనం పూర్తిగా పోయాకే, అంటే గంటకు తక్కువ కాకుండా ఆగి, మూత తీస్తున్నాను. మళ్లీ చెమట పట్టలేదు.

హాల్లో పెట్టడానికి థర్మోకోల్ కనబడకూడదనుకుంటే, శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి చెంబుల్లాంటివి రెండు తీసుకుని, నిండా బియ్యం పోసి గట్టిగా తట్టి పుల్లలు గుచ్చండి. చెంబుకి ఏడెనిమిది మించకూడదు, ఎక్కువైతే ఒకదానికొకటి తగిలి పూత రాలుతుంది. మిగిలినవి డబ్బాలోనే ఉంచి, ఖాళీ అయినకొద్దీ గుచ్చండి. చెంబుల్ని ఫోకస్ లైట్‌కి దూరంగా, ఏసీ గాలి తగిలే వైపు పెట్టమని డెకరేషన్ వాళ్లకి ముందే చెప్పండి.